రుద్రంగి కారులో వెలిగిన పసుపు లైటు

రిటైరైన రోజు నాకూ అందరికీ కప్పినట్టే ఒక శాలువా కప్పారు. అది బీరువాలో భద్రంగా ఉంది, దాని సంగతి వదిలేయండి. నేను రాయాలనుకున్నది కారు మీటర్ల మధ్యలో వెలిగే పసుపు లైటు గురించి. ఇంజన్ బొమ్మతో చిన్నగా ఉంటుంది చూడండి, అదే. పిట్ట కొంచెం, కూత ఘనం. ఆ లైటు వెలిగిందని ఏ కారైనా గేటులోకి వస్తే నేను తింటున్న అన్నం వదిలేసి లేచేవాణ్ని. మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం!

నా పేరు ప్రభుదాసు, అందరికీ దాసన్నను. జగిత్యాలలో పని నేర్చుకున్నాను, సిరిసిల్లలో నా చేయి తిరిగింది, కోరుట్లలో ఒక పెద్ద కార్ల వర్క్‌షాపులో రిటైరయ్యాను. మా ఇంట్లో తరతరాలుగా గుంట భూమి లేదు. మా నాయన కూలికి పోయేవాడు. అందుకని నాకు వారసత్వంగా వచ్చింది ఏమైనా ఉంటే రెండు చేతులే. ఐటీఐ పాసై, చేతిలో కారు తప్పులు చదివే స్కానర్ పట్టుకుని ఈ పనిలోకి వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీరు అదృష్టవంతులు. ఇంత మజా ఉన్న పని ఇంకొకటి లేదు.

ముక్కు ఉన్నది ఎందుకు

జగిత్యాలలో మా గురువు కరీం ఉస్తాద్. మనిషి పొట్టి, కోపం పొడుగు. స్కానర్లు కొత్తగా వచ్చిన రోజుల్లో మేమంతా ఆ డబ్బా చుట్టూ ఈగల్లా మూగేవాళ్లం. ఉస్తాద్ మాత్రం పెట్రోలు మూత తీసి ముక్కు పెట్టేవాడు.

ఒకసారి బీర్పూర్ నుంచి ఒక కారు వచ్చింది. పసుపు లైటు, ఎక్కుడు మీద, అంటే ఎత్తు ఎక్కేటప్పుడు, దగ్గు. స్కానర్ పెడితే సిలిండర్లలో మంట సరిగా అంటుకోవడం లేదని కోడ్ చూపించింది. నేను వెంటనే నిప్పురవ్వ పుట్టించే కాయిల్స్ మార్చాలన్నాను. ఉస్తాద్ మూత తీసి వాసన చూసి, నా మెడ పట్టుకుని నా ముక్కు కూడా అక్కడే పెట్టాడు.

"ఏం వాసనొస్తున్నదిరా దాసూ?"

"గ్యాస్‌నూనె లెక్క ఉన్నది ఉస్తాద్."

"మరి కాయిల్ ఏం జేసిందిరా పాపం? దాన్నెందుకు ఉరి తీస్తున్నవ్?"

కారాయన ఊళ్లో కిరాణా దుకాణంలో సీసాల్లో అమ్మే పెట్రోలు పోయించాడట. సీసాలో పెట్రోలు ఎంత, గ్యాస్‌నూనె అనే కిరోసిన్ ఎంత అన్నది ఆ దుకాణదారుకే ఎరుక. ట్యాంకు కడిగి మంచి పెట్రోలు పోస్తే బండి పెళ్లికొడుకులా వెళ్లిపోయింది. కాయిల్స్ అన్నీ బాగానే ఉన్నాయి.

ఆ రోజు తెలిసిన సంగతి ఇది. జ్వరం చూసే కర్ర జ్వరం ఎంతో చెబుతుంది, పిల్లవాడు వానలో తడిసిన సంగతి చెప్పదు. స్కానర్ కూడా అంతే. నొప్పి ఎక్కడ తెలుస్తోందో చెబుతుంది. ఎందుకు పుట్టిందో మీరే అడిగి తెలుసుకోవాలి. కోడ్ చూడగానే పార్టు మార్చేవాడు మెకానిక్ కాదు, సామాన్లు మోసేవాడు. ఈ మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి.

రేకుల కింది డ్రమ్ము

సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డు నడిపే ఒకాయన డీజిల్ కారు వర్క్‌షాపుకు మాటిమాటికీ వచ్చేది. లైటు వెలగడం, మేము ఫిల్టర్ మార్చడం, మళ్లీ వెలగడం. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అందరూ ఇంజన్నే తిట్టారు. నేను మాత్రం ఇంజన్‌ను వదిలేసి ఆయన్నే సతాయించాను. డీజిల్ ఎక్కడ పోయిస్తారు, ఎవరు పోస్తారు, దేంతో పోస్తారు అని వెంటపడితే ఆయనకు విసుగొచ్చి షెడ్డుకు తీసుకెళ్లి చూపించాడు. కరెంటు పోతే నడిపే జనరేటర్ కోసం డీజిల్ డ్రమ్ము పెట్టుకున్నారు. కారుకూ అందులోంచే. డ్రమ్ము రేకుల చూరు కింద నిలబెట్టి ఉంది. వాన పడితే చూరు నీళ్లు డ్రమ్ము మూత మీద నిలుస్తున్నాయి. ఎండకు వేడెక్కిన డ్రమ్ము సాయంత్రం చల్లబడేటప్పుడు మూత సందులోంచి ఆ నీళ్లను లోపలికి పీల్చుకుంటోంది!

నేను ఎగిరి గంతేశాను. ఆయన నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశాడు. డ్రమ్మును పడుకోబెట్టించి, మీద కప్పు వేయించాను. ఆ కారు మళ్లీ ఆ రోగంతో రాలేదు.

అప్పటి నుంచి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. బండి రోగం తెలియాలంటే అది తాగేది ఎక్కడ కాపురం ఉంటుందో చూడాలి. బంకులో తప్పు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. బంకు నుంచి ఇంజన్ దాకా చాలా చేతులు ఉంటాయి.

కోరుట్లకు వచ్చిన సుజాత

ఇక అసలు సంగతి. రిటైర్మెంటు దగ్గరపడిన రోజులవి. రుద్రంగి నుంచి సుజాత అనే ఆమె, ఆమె భర్త మహేందర్ ఒక పెట్రోలు కారు తెచ్చారు. మహేందర్ మస్కట్‌లో పని చేస్తాడు, సెలవు మీద వచ్చాడు. కారు నడిపేది మాత్రం సుజాత. కోరుట్లలో ఉండే టీచరమ్మలను పొద్దున ఎక్కించుకుని రుద్రంగి వైపు బడుల దగ్గర దింపుతుంది, సాయంత్రం మళ్లీ తెస్తుంది. అదే ఆమె సంపాదన.

కారు వణుకుతోంది, పసుపు లైటు మిణుకుమిణుకుమంటోంది. పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి: లైటు నిలకడగా ఉంటే తొందరలో చూపించమని అర్థం, మిణుకుమంటే ఇక నడపవద్దని అర్థం.

"గీమె తోలుడుతోనే గిట్లయ్యింది అన్నా," అన్నాడు మహేందర్, నేను బానెట్ ఎత్తకముందే. "క్లచ్చు మీంచి కాలు తియ్యది. నేను పోయేలోపల అమ్మేస్త. మెట్‌పల్లిల ఒకాయన అడుగుతున్నడు."

అతను ఫోన్ వచ్చి పక్కకు వెళ్లాక సుజాత నా దగ్గరకు వచ్చింది.

"దాసన్నా, ఒక్క మాట. గీ కారు పోతె నేను మల్ల బీడీలు చెయ్యాలె. పదేండ్లు చాట ముందట వంగి వంగి నడుం పోయింది. లైసెన్సు తెచ్చుకున్ననాడు నేను ఎంత సంబురపడ్డనో నీకెట్ల జెప్పాలె. నా తోలుడుల తప్పుంటె చెప్పు, నేర్చుకుంట. గని లేకుంటె మాత్రం ఆయనకు గట్టిగ జెప్పు."

ఆ మాటకు నా గుండె కదిలింది. అంతే కాదు, నా పంతం కూడా లేచింది. ముందు ఆమెనే నడపమని పక్కన కూర్చున్నాను. నడపకూడదని తెలిసినా, రోగం చూడటానికి కథలాపూర్ రోడ్డు మీద నెమ్మదిగా కొద్ది దూరమే వెళ్లాం. క్లచ్ మీద కాలు లేదు, గేర్లు వెన్నలా పడుతున్నాయి. మా వర్క్‌షాపు కుర్రాళ్లలో సగం మంది కంటే బాగా నడిపింది. దగ్గు మాత్రం ఇంజన్‌దే.

మేనేజరు సారు స్కానర్ కాగితం చూసి, "ఆక్సిజన్ సెన్సర్, కాయిల్స్ వేసెయ్ దాసూ," అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. పైనుంచి ఆయన మీద ఒత్తిడి, ఆయన నుంచి మా మీద. కానీ ఒత్తిడిలో ఉన్నవాడు పక్కవాడి మాట వినడం గొప్ప గుణం, అది ఆయనలో ఉంది. "సాయంత్రం దాకా ఆగుత. దొర్కకుంటె సెన్సర్ వేసుడే," అన్నాడు.

నేను సుజాతను అడిగాను. "మొదలు ఎప్పుడు వచ్చిందమ్మా ఈ లైటు?"

"పోయినేడు గూడ అచ్చిందన్నా. బతుకమ్మ పండుగకు ముందట. వేరే కాడ ప్లగ్గులు మార్పించినం, నిమ్మలమయ్యింది. ఏడాదంత ఏం లేదు. మల్ల ఇప్పుడు గదే దినాలల్ల."

క్యాలెండర్ చూసి వచ్చే రోగమా! కాయిల్‌కు బతుకమ్మ పండుగ తెలుస్తుందా? సెన్సర్‌కు నెలలు తెలుస్తాయా? ఆ రోజుల్లో ఎవరో మనిషే ఏదో చేస్తున్నాడు.

ఇంజన్‌కు పెట్రోలు తెచ్చే గొట్టం విప్పి గాజు సీసాలోకి పట్టాను. మామూలుగా మన బంకు పెట్రోలు లేత నారింజ రంగులో ఉంటుంది. ఇది పాచి పట్టినట్టు ఆకుపచ్చగా ఉంది. కొంచెంసేపు కదపకుండా ఉంచితే సీసా అడుగున వేరే పొర కనిపించింది. నీళ్లు! ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ కలుపుతారు. నీళ్లు తగిలితే ఆ రెండూ జతకట్టి అడుక్కు దిగుతాయి. ట్యాంకులో పంపు పీల్చేదీ అడుగు నుంచే. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేశాను. మంచి పెట్రోలైతే ఆరి మాయమవుతుంది. ఇది పకోడీ పొట్లం మీద మరకలా అట్లాగే ఉండిపోయింది.

"సారూ! సెన్సర్ లేదు, గిన్సర్ లేదు! పెట్రోలే!" అని నేను అరిచిన అరుపుకు రోడ్డు మీద పోతున్న ఆటో ఆగిందని ఇప్పటికీ వెక్కిరిస్తారు.

బంకు మీదికి దండయాత్ర

మహేందర్ ముఖం ఎర్రబడింది. "బంకోడు ముంచిండన్నట్టు! ఆగు, వాని సంగతి చెప్త." ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. చూస్తుండగానే దోస్తులు బైకుల మీద దిగారు. గల్ఫ్ నుంచి వచ్చిన మనిషికి గొడవకైనా దావత్‌కైనా దోస్తులు తక్కువ కారు. సుజాత ఎప్పుడూ పోయించుకునే బంకుకు, కారును మా దగ్గరే వదిలి, అందరం వెళ్లాం. వాళ్లు కొట్లాటకు, నేను పరీక్షకు.

బంకు సూపర్‌వైజరు పెద్దమనిషి. గుంపును చూసి బెదరలేదు.

"లొల్లి ఎందుకు తమ్మీ? పరీక్ష చేసుకొమ్మని బోర్డే పెట్టినం. ఇగో కాగితం, నీ చేత్తోనే చుక్క వెయ్యి."

మహేందర్ వేశాడు. అందరం తలలు వంచి చూస్తూ నిలబడ్డాం. చుక్క ఆరింది, మరక లేదు. సీసాలోకి పట్టి చూశాను. రంగు సరిగా ఉంది, అడుగున ఏ పొరా లేదు. బంకు తప్పు కాదు. దోస్తులు ఒక్కొక్కరే బైకులు తిప్పుకున్నారు.

అప్పుడు మహేందర్ భార్య వైపు తిరిగాడు. "మరి ఏడ పోసినవ్ నువ్వు? సీసలల్ల గీసలల్ల కొని పోసినవా?"

"నేను గీ బంకు తప్ప ఏడ పొయ్య," అంది ఆమె. ఇందాక ఆమె నడపడం తప్పన్నాడు, ఇప్పుడు ఆమె మాటే అబద్ధమంటున్నాడు. నేను చేసిన పరీక్ష ఆమెను ఇంకా లోతుకు నెట్టింది. అక్కడ ఆగిపోతే ఆ కారు ఆ వారమే అమ్ముడుపోతుంది.

"నడువుండ్రి, మీ ఇల్లు చూడాలె," అన్నాను.

"ఇంట్ల ఏమున్నదన్నా?"

"ఏం లేదని తెలిస్తే నాకూ నిమ్మళమే కదా, నడువు."

కొట్టంలో వేలాడిన పంపు

ఆటో కట్టుకుని రుద్రంగిలో వాళ్ల ఇల్లు చేరేసరికి సుజాత మామ గంగారాం అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వరి పొట్టకు వచ్చి, మందు కొట్టడం అయిపోయి, రైతులకు కొంచెం తీరిక దొరికే రోజులు. చాయ్ తెమ్మని కేకేశాడు. నేను చాయ్ తాగుతూనే ఇంటి పక్క కొట్టం వైపు చూశాను. దూలానికి మందు కొట్టే తైవాన్ పంపు వేలాడుతోంది. అదే, వీపున తగిలించుకుని పెట్రోలు ఇంజన్‌తో నడిపేది. దాని కింద ప్లాస్టిక్ క్యాన్ ఒకటి బోర్లించి ఉంది.

చాయ్ గ్లాసు అరుగు మీద పెట్టేశాను. లేచి వెళ్లి క్యాన్ ఎత్తి వాసన చూశాను. కరీం ఉస్తాద్ నా మెడ పట్టుకున్నట్టే అనిపించింది. టూటీ ఆయిల్!

తెలియనివారికి చెబుతాను. ఆ పంపు ఇంజన్‌కు ఆయిల్ వేరుగా పోసే చోటు ఉండదు. పాత స్కూటర్లలాగా పెట్రోలులోనే ఈ ఆకుపచ్చ టూటీ ఆయిల్ కలిపి పోయాలి. కారు ఇంజన్‌కు అది విషం. ప్లగ్గుల మీద మసి కడుతుంది, మంట తప్పుతుంది, పసుపు లైటు కన్ను గీటుతుంది.

"పెద్దాయనా, మందు కొట్టుడు అయినంక మిగిలిన పెట్రోల్ ఏం జేస్తరు?" అని అడిగాను, గొంతు మామూలుగా ఉంచుకుని.

గంగారాం మీసం దువ్వుకున్నాడు. "ఏం జేస్త? పారబోస్తనా? ఎండకాలం దాక ఉంచితె పాడైతది గదా. కోడలి కారుల పోసిన. పోయినేడు గూడ పోసిన. పొద్దంత తిరుగుతది పిల్ల. మనం ఇంత ఆసరైతె తప్పేంది?"

ఆయన మా ముఖాలు చూశాడు.

"ఏమయ్యింది? పెట్రోలే గదనయ్యా పోసింది!"

"ఈ క్యాన్ పొలంకాడ ఉండేదా?"

"ఆఁ, మోటరు కాడ. వానకు తడిసింది గని మూత పెట్టే ఉన్నది... సగం."

సగం మూతలోంచి వాన నీళ్లు, పైన టూటీ ఆయిల్, ఆపైన మామ ప్రేమ. ఆ రోజు కారు ట్యాంకు అడుగంటి ఉందట. ఉన్నదంతా ఆ పానకమే అయ్యింది. నేను నవ్వు ఆపుకోలేక క్యాన్ పట్టుకుని కొట్టంలోనే తిరిగాను. దొరికింది! మా ఊళ్లలో తప్ప ఇంకెక్కడ జరుగుతుందయ్యా ఈ తప్పు? వృథా చేయడం చేతకాని రైతు, కోడలికి చెప్పకుండా సాయం చేద్దామనుకున్న మామ, పండుగకు ముందు వెలిగే లైటు!

సంగతి అర్థమయ్యాక గంగారాం ముఖంలో నెత్తురు చుక్క లేదు. "బిడ్డా, నేనే పోసిన," అన్నాడు కోడలితో. సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, మళ్లీ నవ్వింది. "నాకు జెప్పొద్దా మామా?" అంది. మహేందర్ తల వంచుకుని నిలబడ్డాడు.

మెట్‌పల్లి నుంచి ఫోన్

తిరిగి వర్క్‌షాపుకు వచ్చి కారు మీద పడ్డాం. ట్యాంకు దించి కడిగాం, గొట్టాలూ ఇంజెక్టర్లూ శుభ్రం చేశాం, కొత్త ప్లగ్గులు వేశాం. సెన్సర్ పాతదే. మేనేజరు సారు వచ్చి ఇంజన్ చప్పుడు విని, "సాయంత్రం దాకా అన్న గని, రేపటిదాకా ఇచ్చినట్టున్న," అన్నాడు. గడువు దాటినా తిట్టలేదు, ఆ మాటే మాకు మెడల్.

మరునాడు ముగ్గురూ వచ్చారు. మహేందర్ తానే నడిపి చూసుకున్నాడు. ఎక్కుడు మీద కూడా బండి కిక్కుమనలేదు. దిగి, "మస్తున్నదన్నా," అన్నాడు. అంతలో అతని ఫోన్ మోగింది. మెట్‌పల్లి ఆయన. చప్పుడు పెద్దగా ఉండటంతో మా అందరికీ వినపడింది.

"లైటు పోయిందట గద తమ్మీ? అయితె మాట్లాడుకుందాం, ఇంకొంచెం ఎక్కువనే ఇస్త."

మహేందర్ ఆగాడు. బాగుపడిన బండికి మంచి బేరం వచ్చింది, తను ఇంకెన్ని రోజులో ఉండడు. సుజాత చేతులు కట్టుకుని గోడ వైపు చూస్తోంది. నాకు లోపల ఉడికిపోతోంది. నేను బాగు చేసింది అమ్ముకోవడానికా?

గంగారాం ముందుకు వచ్చాడు. "అమ్మేదుంటె నన్నమ్ముర మహేందర్. కారును పాడు జేసింది నేను, కారు నన్నేం అన్లేదు. పిల్లేం జేసిందిరా? ముందుగాల నన్ను ఇచ్చెయ్ వానికి, ముసలోడైనా మందు కొడ్తడని చెప్పు."

మహేందర్‌కు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. ఫోన్‌ను సుజాత చేతిలో పెట్టాడు.

"బండి నువ్వు తోలేది. నువ్వే చెప్పు."

ఆమె ఫోన్ చెవిన పెట్టుకుంది.

"అన్నా, నేను సుజాతను. కారు అమ్మం. టీచరమ్మలు బడికాడ ఎదురుచూస్తున్నరు, నేను పోవాలె."

ఫోన్ భర్తకు ఇచ్చేసి, స్టీరింగ్ ముందు కూర్చుని, మామను వెనుక, మొగుణ్ని పక్కన ఎక్కించుకుని బండి తీసింది. రిటైర్ కాబోయే మనిషినని కూడా చూసుకోకుండా, మేనేజరు సారు చూస్తుండగానే, నేను రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను.